ఫ్లూ నుంచి కోలుకోవాలంటే: మందులు ఎంతవరకు, ఆహారం ఎంతవరకు?

జంషెడ్‌పూర్ (జార్ఖండ్): వానలు వెనుదిరిగి చలిగాలులు మొదలయ్యే రోజుల్లో ఇంటింటా జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు కనిపిస్తాయి. ఒకరికి తగ్గేలోగా ఇంకొకరు మంచం పడతారు. మందుల దుకాణానికి వెళ్లి ‘జ్వరం బిళ్లలు’ అడిగి తెచ్చుకోవడం, రెండు పూటలు పస్తుండటం, మూడో రోజున పనికి బయలుదేరడం చాలా కుటుంబాలలో అలవాటుగా మారింది. ఈ మూడింటిలోనూ కొంత ప్రమాదం ఉంది.

జంషెడ్‌పూర్ శివార్లలో, టెల్కో కర్మాగార ప్రాంతానికి సమీపంలో ఉన్న గోవింద్‌పూర్ పరిస్థితి ఇందుకు మంచి ఉదాహరణ. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా గోల్మురీ-జుగ్‌సలాయీ బ్లాకులోని ఈ పట్టణాన్ని ఛోటా గోవింద్‌పూర్ అని కూడా పిలుస్తారు. చుట్టూ కర్మాగారాలు, వాటిపై ఆధారపడిన కుటుంబాలు, షిఫ్టుల ప్రకారం నడిచే జీవితం. ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తెలుగువారు జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. ఇటువంటి చోట ఫ్లూ వస్తే రెండు అదనపు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, జార్ఖండ్‌లో మలేరియా ఇంకా ఉన్నందున ప్రతి జ్వరాన్నీ ఫ్లూ అనుకోవడానికి వీలులేదు. రెండోది, విశ్రాంతి తీసుకుంటే ఆ రోజు కూలి పోతుంది.

ఈ నేపథ్యంలో ఫ్లూ సోకినవారు ఏ మందులు వాడాలి, వేటిని వాడరాదు, ఏమి తినాలి, ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి అన్న ప్రశ్నలకు వైద్యశాస్త్రం చెబుతున్న సమాధానాలు ఇవి.

జలుబు వేరు, ఫ్లూ వేరు

ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల ముక్కు, గొంతు, ఊపిరితిత్తులకు సోకే వ్యాధి. మనుషుల్లో ఏటా వ్యాపించేవి ప్రధానంగా ‘ఏ’, ‘బీ’ రకాలు. ‘ఏ’ రకంలోనివే హెచ్1ఎన్1, హెచ్3ఎన్2. మామూలు జలుబు మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారడం, తుమ్ములు ఎక్కువగా ఉంటాయి. ఫ్లూ అలా కాదు. ఉదయం బాగున్న మనిషి సాయంత్రానికి 101 డిగ్రీల జ్వరంతో, విపరీతమైన ఒళ్లు నొప్పులతో, తలనొప్పితో, పొడి దగ్గుతో లేవలేని స్థితికి చేరుకుంటాడు.

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఉద్ధృతమవుతుంది: జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వర్షాకాలంలోనూ ఆ తరువాతి వారాల్లోనూ మరోసారి. 2009లో ప్రపంచాన్ని వణికించిన హెచ్1ఎన్1 మహమ్మారి తొలి కేసు భారతదేశంలో ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. అప్పట్లో ‘స్వైన్ ఫ్లూ’గా పేరుపడిన ఆ వైరస్ నేడు ఏటా వచ్చే ఫ్లూ రకాలలో ఒకటిగా మిగిలింది. అలాగని దానిని తేలికగా తీసుకోరాదు. 2015లో దేశవ్యాప్తంగా 42,592 హెచ్1ఎన్1 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి.

ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఫ్లూ ప్రత్యేక చికిత్స లేకుండానే తగ్గుతుంది. భారతీయ వైద్య సంఘం 2023 మార్చిలో విడుదల చేసిన సూచనల ప్రకారం ఇన్‌ఫెక్షన్ 5 నుంచి 7 రోజులు ఉంటుంది. జ్వరం 3 రోజుల్లో తగ్గినా దగ్గు 3 వారాల వరకు కొనసాగవచ్చు. వైరస్‌ను ఓడించేది శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే. మందులు బాధను తగ్గిస్తాయి, ఆహారం శక్తినిస్తుంది, విశ్రాంతి ఆ శక్తిని వృథా కానివ్వదు.

ముందుగా తేల్చుకోవలసినది: ఇది ఫ్లూయేనా?

జార్ఖండ్‌లో ఈ ప్రశ్నకు ఉన్న ప్రాధాన్యం మరెన్నో చోట్ల లేదు. అడవులు, కొండలు, వర్షాలు ఉన్న సింగ్‌భూమ్ ప్రాంతంలో మలేరియా చిరకాలంగా ఉంది. ఇక్కడ కనిపించే ఫాల్సిపారమ్ రకం మలేరియాకు వెంటనే చికిత్స అందకపోతే మెదడు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణాల మీదకు వస్తుంది. వర్షాకాలం చివరి వారాల్లో ఫ్లూ, మలేరియా, డెంగీ మూడూ ఒకేసారి వ్యాపిస్తాయి. మొదటి రోజున మూడింటికీ లక్షణాలు దాదాపు ఒక్కటే: జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు.

కొన్ని తేడాలు గమనించవచ్చు. దగ్గు, గొంతునొప్పి, ముక్కు కారడం ఉంటే ఫ్లూ అయ్యే అవకాశం ఎక్కువ. చలితో వణుకు పుట్టి, జ్వరం పెరిగి, చెమటలు పట్టి తగ్గి మళ్లీ రావడం మలేరియా లక్షణం. కంటి వెనుక నొప్పి, ఒంటిపై ఎర్రని దద్దుర్లు, చిగుళ్ల నుంచి రక్తం రావడం డెంగీని సూచిస్తాయి. అయితే లక్షణాలను బట్టి మాత్రమే నిర్ధారించుకోవడం క్షేమం కాదు. మలేరియా ఉన్న ప్రాంతంలో జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలన్నది ప్రజారోగ్య నియమం. జార్ఖండ్‌లో ఆశా కార్యకర్తలను ‘సహియా’ అంటారు. వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం తీసి కొద్ది నిమిషాల్లో ఫలితం చెప్పే మలేరియా పరీక్ష కిట్లు సహియాల వద్ద, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో లభిస్తాయి. ఈ పరీక్ష ఉచితం.

డెంగీ కాదని తేలే వరకు ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడరాదు. అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. ఆ వ్యవధిలో జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే సురక్షితం.

ఎవరికి ఇల్లు చాలు, ఎవరికి ఆస్పత్రి అవసరం?

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఫ్లూ రోగులను మూడు వర్గాలుగా విభజించింది. వైద్యులు ఏ మందు ఇవ్వాలో, ఎవరికి పరీక్ష చేయాలో ఈ వర్గీకరణను అనుసరించే నిర్ణయిస్తారు.

‘ఏ’ వర్గం: స్వల్ప జ్వరం, దగ్గు లేదా గొంతునొప్పి, ఒళ్లు నొప్పులు ఉన్నవారు. వీరికి వైరస్ నిరోధక మందు గానీ, ఫ్లూ నిర్ధారణ పరీక్ష గానీ అవసరం లేదు. ఇంట్లోనే ఉండి లక్షణాలకు తగిన చికిత్స తీసుకుంటే చాలు. 24 నుంచి 48 గంటల తరువాత పరిస్థితిని వైద్యుడు మళ్లీ అంచనా వేయాలి.

‘బీ’ వర్గం: అధిక జ్వరం, తీవ్రమైన గొంతునొప్పి ఉన్నవారు ఇందులో ఒక భాగం. స్వల్ప లక్షణాలే ఉన్నా ముప్పు ఎక్కువగా ఉన్నవారు రెండో భాగం: గర్భిణులు, 65 ఏళ్లు దాటినవారు, చిన్నపిల్లలు, మధుమేహం, గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాల వ్యాధులు, క్యాన్సర్, హెచ్ఐవీ ఉన్నవారు, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు. ఈ రెండో భాగంలోని వారికి ఒసెల్టామివిర్ ఇవ్వాలి. మొదటి భాగంలోని వారికి అవసరాన్ని బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు.

‘సీ’ వర్గం: ఊపిరాడకపోవడం, ఛాతీనొప్పి, మగత, రక్తపోటు పడిపోవడం, కఫంలో రక్తం, గోళ్లు నీలంగా మారడం వంటి లక్షణాలున్నవారు. పిల్లల్లో అయితే పాలు లేదా ఆహారం ముట్టకపోవడం, ఆగని చిరాకు. వీరిని ఆలస్యం లేకుండా ఆస్పత్రిలో చేర్చాలి. పరీక్ష ఫలితం వచ్చే వరకు చికిత్స ఆపరాదు.

పారాసిటమాల్: మేలు చేసే మందే, లెక్క తప్పితే కీడు

జ్వరం, నొప్పులు తగ్గించడానికి పెద్దలకు 500 లేదా 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర చాలు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల వ్యవధి ఉండాలి. 24 గంటల్లో మొత్తం 4,000 మిల్లీగ్రాములు దాటరాదు. మద్యం అలవాటు, కాలేయ వ్యాధి, బలహీనత ఉన్నవారికి ఈ పరిమితి మరింత తక్కువ. వారు వైద్యుని అడిగి వాడాలి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, జలుబు మాత్రలుగా అమ్మే చాలా మందులలో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది. ఒక రోగి 650 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు నాలుగుసార్లు వేసుకుంటే 2,600 మిల్లీగ్రాములు. దానికి తోడు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉన్న జలుబు మాత్ర మూడుసార్లు వేసుకుంటే మరో 1,500. మొత్తం 4,100. రెండు మాత్రల పేర్లు వేరు, రంగులు వేరు. కాలేయం మీద పడే భారం మాత్రం ఒక్కటే. అందుచేత అట్ట వెనుక ముద్రించిన మందు పేరును చదవడం, చదవలేనివారు దుకాణదారును ‘ఇందులో పారాసిటమాల్ ఉందా?’ అని అడగడం తప్పనిసరి.

పిల్లలకు మోతాదును వయసును బట్టి కాక బరువును బట్టి లెక్కించాలి. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. 10 కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుంచి 150 మిల్లీగ్రాములు. ఇక్కడ సీసా మీది సంఖ్యను జాగ్రత్తగా చూడాలి. కొన్ని సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కొన్నింటిలో 250 ఉంటుంది. శిశువులకు ఇచ్చే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉండవచ్చు. చుక్కల మందును సిరప్ అనుకొని 5 మిల్లీలీటర్లు పోస్తే 10 కిలోల బిడ్డకు అందవలసిన దానికి మూడు రెట్లకు మించి అందుతుంది.

ఫ్లూ జ్వరం ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. మెదడు, కాలేయం దెబ్బతినే ‘రే సిండ్రోమ్’ అనే అరుదైన, ప్రాణాంతకమైన స్థితికి అది దారితీయవచ్చు. 12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని కేంద్రం 2011లోనే నిషేధించింది. పాత చీటీ చూసి ఈ మందును ఇవ్వడం ప్రమాదకరం.

వైరస్ నిరోధక మందు: సమయమే కీలకం

ఫ్లూ వైరస్ మీద నేరుగా పనిచేసే మందులలో మన దేశంలో ఎక్కువగా వాడేది ఒసెల్టామివిర్. ‘టామీఫ్లూ’ దీని తొలి వాణిజ్య నామం. హైదరాబాద్‌కు చెందిన హెటెరో సంస్థ దీనిని ‘ఫ్లూవిర్’ పేరుతో తయారు చేసింది. పెద్దలకు సాధారణ మోతాదు 75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 5 రోజులు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. వికారం, వాంతులు దీని సాధారణ దుష్ఫలితాలు. ఆహారంతోపాటు తీసుకుంటే అవి తగ్గుతాయి.

లక్షణాలు మొదలైన 48 గంటలలోపు ఆరంభిస్తే దీని ప్రయోజనం ఎక్కువ. ఆరోగ్యవంతులలో ఇది వ్యాధి కాలాన్ని సుమారు ఒక రోజు తగ్గిస్తుంది. అందువల్లనే ‘ఏ’ వర్గంలోని వారికి దీనిని సూచించరు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి, ఆస్పత్రిలో చేరినవారికి మాత్రం 48 గంటలు దాటినా వైద్యులు ఇస్తారు. 2017లో కేంద్రం ఈ మందును ‘హెచ్1’ షెడ్యూలులోకి మార్చడంతో మామూలు మందుల దుకాణాల్లోనూ అందుబాటులోకి వచ్చింది. అయితే వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు.

యాంటీబయాటిక్ ఎందుకు వద్దు?

ఫ్లూ రోగులు అనవసరంగా వాడే మందులలో మొదటి స్థానం యాంటీబయాటిక్‌లదే. అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ వంటివి బ్యాక్టీరియాను చంపుతాయి. ఫ్లూకు కారణం వైరస్. బ్యాక్టీరియా గోడను లేదా అది మాంసకృత్తులు తయారు చేసుకునే యంత్రాంగాన్ని ఈ మందులు దెబ్బతీస్తాయి. వైరస్‌కు ఆ రెండూ ఉండవు. అందుకే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా ఫ్లూను ఒక్క గంట కూడా ముందుగా తగ్గించదు.

ఈ మందుల చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన అధ్యాయం ఒకటి ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించిన కాలంలోనే తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. అటువంటి మందులు లక్షల ప్రాణాలను నిలబెట్టాయి. వాటిని అవసరం లేని చోట వాడితే బ్యాక్టీరియా వాటికి అలవాటుపడి, నిజంగా అవసరమైన నాడు మందు పనిచేయకుండా పోతుంది. మూడు రోజుల్లో దానంతట అదే తగ్గే జ్వరానికి యాంటీబయాటిక్ వేసుకున్నవారు ఆ మందువల్లే తగ్గిందని నమ్ముతారు; మరుసటి ఏడాది మళ్లీ అదే అడుగుతారు.

వైద్యుని చీటీపైనే వాడవలసిన మందులను గుర్తించేందుకు అట్టపై నిలువు ఎర్రగీత ఉంటుంది. దీనిపై కేంద్రం 2016లో ‘రెడ్ లైన్’ ప్రచారం ప్రారంభించింది. గీత కనిపిస్తే చీటీ లేకుండా కొనరాదు. ఫ్లూ తరువాత న్యుమోనియా, చెవి లేదా సైనస్ ఇన్‌ఫెక్షన్ వస్తే వైద్యుడు యాంటీబయాటిక్ రాస్తాడు. అప్పుడు వైద్యుడు చెప్పినన్ని రోజులూ వాడాలి.

దగ్గు మందులు, ఆవిరి, తేనె

దగ్గు సిరప్‌ల విషయంలో పిల్లల తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాఢా జిల్లాలో కలుషిత దగ్గు సిరప్ వల్ల మూత్రపిండాలు విఫలమై చిన్నారులు మరణించారు. ఆ సిరప్‌లో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషరసాయనం బయటపడింది. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2 ఏళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, 5 ఏళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరాదని రాష్ట్రాలకు సూచించింది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందులను 4 ఏళ్లలోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులోనే ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు రాత్రి పడుకునే ముందు అర చెంచా నుంచి ఒక చెంచా తేనె దగ్గు నుంచి ఉపశమనం ఇస్తుంది. ఏడాది నిండని శిశువులకు తేనె ఇవ్వరాదు. బాట్యులిజం అనే ప్రమాదకర వ్యాధి ముప్పు ఉంది. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం గొంతునొప్పికి హాయినిస్తుంది. ఆవిరి పడితే ముక్కు తేలికపడవచ్చు గాని వైరస్ చావదు. మరిగే నీటి గిన్నె ఒలికి పిల్లలు కాలిన గాయాల పాలవుతున్నందున వారికి ఆవిరి పట్టకపోవడమే మేలు.

మిరియాలు, శొంఠి, తులసి కషాయం పరిమితంగా తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. రోజుకు ఐదారుసార్లు తాగితే కడుపులో మంట, ఆమ్లపిత్తం తప్పవు. కషాయం ఫ్లూను నయం చేస్తుందన్న ఆధారం లేదు. వైద్యాన్ని వాయిదా వేయడానికి అది కారణం కారాదు.

‘లంఖణం పరమౌషధం’ ఎంతవరకు నిజం?

జ్వరం వస్తే పస్తుంచడం తెలుగిళ్లలో పాత ఆచారం. ఆకలి లేనప్పుడు బలవంతంగా తినిపించవద్దన్నంత వరకు ఇందులో తప్పులేదు. కాని రెండు మూడు రోజులు పూర్తిగా తిండి మానిపించడం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. శరీర ఉష్ణోగ్రత ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే శరీరానికి అవసరమయ్యే శక్తి సుమారు 10 శాతం పెరుగుతుంది. ఆ శక్తి ఆహారం నుంచి రాకపోతే శరీరం తన కండరాలనే కరిగించుకుంటుంది. జ్వరం తగ్గాక వారాలపాటు వెంటాడే నీరసానికి ఇదీ ఒక కారణం. వృద్ధులు, పిల్లలు, మధుమేహులు, గర్భిణులు లంఖణం చేయనే కూడదు.

ఆహారం కంటే ముందు నీరు. జ్వరంలో చెమట, వేగంగా తీసుకునే ఊపిరి ద్వారా శరీరం నీటిని కోల్పోతుంది. పెద్దలు రోజుకు రెండు మూడు లీటర్ల ద్రవాలు తీసుకోవడం మంచిది. మూత్రం లేత పసుపు రంగులో ఉండి, నాలుగైదు గంటలకు ఒకసారి వస్తుంటే నీరు సరిపోతున్నట్టు. ముదురు రంగులోకి మారితే చాలడం లేదని అర్థం. వాంతులు, విరేచనాలు కూడా ఉంటే ఓఆర్ఎస్ పొట్లాన్ని పొట్లంపై సూచించినంత నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగాలి. పొట్లం దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. సీసా శీతల పానీయాలు ఇందుకు ప్రత్యామ్నాయం కావు.

మొదటి రెండు రోజులు: గంజి, మాడ్, జావ

జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు నోటికి రుచి ఉండదు, గొంతు మింగనివ్వదు. అప్పుడు తేలికగా జీర్ణమయ్యేది, మెత్తనిది, కొద్దికొద్దిగా రెండు మూడు గంటలకు ఒకసారి ఇవ్వాలి. ఉప్పు వేసిన గంజి, రాగి జావ, పెసరపప్పు కట్టు, మిరియాల చారు కలిపిన మెత్తని అన్నం, ఇడ్లీ, పల్చని మజ్జిగ సరిపోతాయి.

ఈ విషయంలో తెలుగు వంటింటికీ జార్ఖండ్ వంటింటికీ దూరం తక్కువ. మన గంజిని ఇక్కడ ‘మాడ్’ అంటారు. అన్నంలో మాడ్ కలిపి తినే ‘మాడ్-భాత్’ ఈ ప్రాంతపు నిత్యాహారం. మన రాగులు ఇక్కడి మడువా. మన ఉలవలు ఇక్కడి కుల్థీ. మన మునగాకు ఇక్కడి ముంగా సాగ్. గోవింద్‌పూర్‌లోని తెలుగు ఇల్లాలు రాగి జావ కాచినా, పొరుగింటి ఇల్లాలు మాడ్-భాత్ పెట్టినా రోగికి అందేది అదే మేలు. దుకాణంలో డబ్బాల్లో అమ్మే ఖరీదైన పోషక పొడుల అవసరం చాలామందికి లేదు.

మూడో రోజు నుంచి: మాంసకృత్తులు

జ్వరం తగ్గుముఖం పట్టగానే మాంసకృత్తులు పెంచాలి. కరిగిన కండరాన్ని తిరిగి కట్టుకోవడానికి, రోగనిరోధక కణాలు తయారు కావడానికి ఇవే ఆధారం. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వేయించిన శనగలతో చేసే సత్తు జార్ఖండ్, బిహార్‌లలో పేదవాని బలం. 100 గ్రాముల సత్తులో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. నీటిలో సత్తు, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపి తాగవచ్చు. జ్వరం తీవ్రత తగ్గి కడుపు కుదుటపడ్డాకే దీనిని మొదలుపెట్టాలి; లేకపోతే కడుపుబ్బరం రావచ్చు. పప్పు, ఉలవచారు, పెరుగు, పనీర్, ఉడికించిన చేప, కోడిమాంసం పులుసు కూడా మంచివే.

విటమిన్ల కోసం ఉసిరి, జామ, బత్తాయి, బొప్పాయి, ఆకుకూరలు తింటే చాలు. విటమిన్ సీ, జింక్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే ఫ్లూ త్వరగా తగ్గుతుందన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదు. పాలు, పెరుగు, అరటిపండు కఫాన్ని పెంచుతాయన్నది అపోహ. అలవాటున్నవారు గది ఉష్ణోగ్రతలో వాటిని తీసుకోవచ్చు. ధుస్కా, పకోడీ, సమోసా వంటి నూనెలో వేయించినవి, మితిమీరిన కారం, మద్యం, పొగ మాత్రం మానాలి. పొగ తాగితే దగ్గు తగ్గదు, న్యుమోనియా ముప్పు పెరుగుతుంది.

దీర్ఘకాలిక వ్యాధులున్నవారికి

జ్వరంలో ఆహారం తగ్గినా రక్తంలో చక్కెర పెరగవచ్చు. అందువల్ల మధుమేహులు ఇన్సులిన్‌ను గాని మాత్రలను గాని సొంతంగా ఆపరాదు. రోజుకు రెండు మూడుసార్లు చక్కెర పరీక్షించుకుంటూ వైద్యుని సలహాతో మోతాదు సవరించుకోవాలి. వాంతులు ఆగకపోతే కొన్ని మాత్రలను తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఆ నిర్ణయం వైద్యునిదే. ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మాత్రలు రక్తపోటును పెంచుతాయి కనుక బీపీ ఉన్నవారు అడగకుండా వాడరాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి కొబ్బరినీళ్లలోని పొటాషియం హాని చేయవచ్చు. వారు ఎంత నీరు తాగాలన్నది కూడా వైద్యుడే చెప్పాలి. పాలిచ్చే తల్లి మాస్కు ధరించి, చేతులు కడుక్కొని బిడ్డకు పాలివ్వడం కొనసాగించవచ్చు.

విశ్రాంతి కూడా చికిత్సే

ఫ్లూ సోకినవారు లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచి, ఆ తరువాత 5 నుంచి 7 రోజుల వరకు ఇతరులకు వైరస్‌ను అంటించగలరు. పారాసిటమాల్ వేసుకొని జ్వరాన్ని అణచి షిఫ్టుకు వెళ్లినవారు బాగైనట్టు కాదు. కొలిమి వేడి దగ్గర పనిచేసేవారికి నీరసంతో కళ్లు తిరిగితే ప్రమాదం. పక్కనున్న సహోద్యోగికి వ్యాధి సోకడం మరో ప్రమాదం. మందు వేసుకోకుండానే 24 గంటలపాటు జ్వరం లేకుండా ఉన్న తరువాతే పనికి వెళ్లాలన్నది వైద్యుల సూచన.

కూలి పోతుందన్న భయం నిజమైనదే. దీనికి కొంత పరిష్కారం ఉన్నా చాలామంది వాడుకోవడం లేదు. ఈఎస్ఐ పరిధిలోని కార్మికుడు అర్హత షరతులు నెరవేర్చి, ఈఎస్ఐ వైద్యుని ధ్రువపత్రం సమర్పిస్తే అస్వస్థత ప్రయోజనం కింద వేతనంలో 70 శాతం, ఏడాదిలో గరిష్ఠంగా 91 రోజుల వరకు పొందవచ్చు. ఠేకేదారు కింద పనిచేసేవారికీ చందా కట్టి ఉంటే ఈ హక్కు ఉంది. అందుకు మొదటి రోజునే వైద్యుని వద్దకు వెళ్లి ధ్రువపత్రం తీసుకోవడం ముఖ్యం. మందుల దుకాణంలో బిళ్లలు కొన్న రశీదు దీనికి పనికిరాదు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగవద్దు

- ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, ఆక్సిజన్ స్థాయి 94 శాతం కంటే తగ్గడం
- పెదవులు, గోళ్లు నీలంగా మారడం
- మగత, గందరగోళం, మూర్ఛ
- మూడు రోజులు దాటినా తగ్గని అధిక జ్వరం
- జ్వరం తగ్గి ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం, దగ్గు ఉద్ధృతం కావడం. ఇది న్యుమోనియాకు సూచన కావచ్చు
- పిల్లలు వేగంగా ఊపిరి తీయడం, పక్కటెముకలు లోపలికి లాగుకుపోవడం, 8 గంటలపాటు మూత్రం రాకపోవడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108 అంబులెన్సుకు ఫోన్ చేయాలి. గోవింద్‌పూర్ వాసులకు టెల్కోలోని టాటా మోటార్స్ ఆస్పత్రి, బిష్టుపుర్‌లోని టాటా మెయిన్ ఆస్పత్రి, ప్రభుత్వ రంగంలో ఎంజీఎం వైద్య కళాశాల ఆస్పత్రి, ఖాస్‌మహల్‌లోని సదర్ ఆస్పత్రి ఉన్నాయి.

వచ్చే ఏడాదికి ముందుజాగ్రత్త

ఫ్లూ వైరస్ తన రూపాన్ని ఏటా కొద్దిగా మార్చుకుంటుంది. అందుకే టీకాను కూడా ఏటా తీసుకోవాలి. 6 నెలలు నిండిన పిల్లల నుంచి వృద్ధుల వరకు దీనిని తీసుకోవచ్చు. గర్భిణులకు, దీర్ఘకాలిక వ్యాధులున్నవారికి, ఆరోగ్య సిబ్బందికి ముందుగా సిఫారసు చేస్తారు. టీకా తీసుకున్న తరువాత రక్షణ ఏర్పడటానికి సుమారు 2 వారాలు పడుతుంది కనుక ఫ్లూ ఉద్ధృతి మొదలయ్యేలోగా తీసుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కోవడం, దగ్గినప్పుడు మోచేతి మడతను అడ్డుపెట్టుకోవడం, కిటికీలు తెరిచి గాలి ఆడేలా చూడటం ఖర్చు లేని రక్షణలు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే గుర్తుంచుకోవలసిన క్రమం ఇది: మలేరియా పరీక్ష చేయించాలి, పారాసిటమాల్ లెక్క రాసుకోవాలి, చీటీ లేని యాంటీబయాటిక్ కొనరాదు, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని 48 గంటలలోపు వైద్యునికి చూపించాలి, రోగిని పస్తుంచకుండా గంజితో మొదలుపెట్టి పప్పు, గుడ్డు వరకు తీసుకురావాలి. ఈ వివరాలు సాధారణ అవగాహన కోసం మాత్రమే. రోగి వయసు, బరువు, ఇతర వ్యాధులను బట్టి మోతాదును నిర్ణయించవలసింది వైద్యుడే.